పేపరు తెప్పించుకుని చూడండి
లెక్కల టీచరమ్మకు ఉత్తరాలు

(జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 32 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ, పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

టీచర్ గారికి నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె. నేను మిషన్ కుడతాను, మా ఆయన పలకల ఫ్యాక్టరీలో పనికి పోతారు. మా అమ్మాయి టౌన్లో జడ్పీ హైస్కూల్లో 9వ తరగతి. ఎనిమిదిలో ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్పు పరీక్ష రాసి సెలెక్టయింది. అట్లాంటి పిల్లకి ఈసారి లెక్కల్లో 34 మార్కులొచ్చాయి. మా తోటికోడలి కొడుకు ప్రైవేటు రెసిడెన్షియల్లో ఉన్నాడు, వాడికి ఎప్పుడూ 90 పైనే. పదో తరగతికి మా పిల్లని కూడా అక్కడ వేద్దామని ఇంట్లో అంటున్నారు. ఫీజు, హాస్టలు కలిపి లక్ష దాటుతుంది. గాజులు కుదువబెట్టయినా కట్టాలనుకుంటున్నాం. దాన్ని అడిగితే "నాకు బుర్రకెక్కట్లేదమ్మా" అని ఏడుస్తుంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

అమ్మా, గాజులు చేతికే ఉండనివ్వండి. ముందు ఆ 34 మార్కుల పేపరు తెప్పించుకుని చూడండి. ప్రోగ్రెస్ కార్డు చూస్తే ఏమీ తెలియదు. పిల్ల చేత్తో రాసిన పేపరు కావాలి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, బట్ట మీద కుట్టు ఎక్కడ తప్పిందో పట్టుకునే కళ్ళు మీవి. ఖాళీ ఎక్కడ వదిలింది, ఎక్కడ కొట్టేసి మళ్ళీ రాసింది, చివరి పేజీల్లో దస్తూరి మారిందా, అంతే చూడండి.

ఖాళీలన్నీ మాటల్లో ఇచ్చిన లెక్కల దగ్గరే ఉంటే, పిల్లకి అడ్డం పడింది లెక్క కాదు, ఇంగ్లీషు. "నోటుపుస్తకం ధర పెన్ను ధరకు రెట్టింపు" అని తెలుగులో చెప్తే "ఎక్స్ ఈక్వల్స్ టూ వై" అని టక్కున చెప్పిన పిల్లలు, అదే ప్రశ్నలో "ట్వైస్" అన్న మాట కనపడగానే పెన్ను కింద పెట్టేయడం నేను చాలాసార్లు చూశాను. దానికి లక్ష రూపాయల మందు అక్కర్లేదు. వాళ్ళ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. రోజూ రాత్రి మీరు మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు రెండు లెక్కలు, మొదట తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లీషు పేజీ, పైకి చదవమనండి. చేయక్కర్లేదు, చదివి ఏమడిగారో మీకు చెప్తే చాలు.

చివరి పేజీల్లో అక్షరాలు కోడి కెలికినట్టుంటే టైము చాలలేదని అర్థం. కొట్టివేతలన్నీ ప్లస్సూ మైనస్సూ దగ్గరైతే అది ఏడో తరగతి బాకీ. ఆ బాకీ వేసవి సెలవుల్లో తీరిపోతుంది.

ఇవేవీ కాకపోతే, ఇంకో సంగతి అడగాలి. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి.

2008 ప్రాంతంలో 9వ తరగతి 'బి' సెక్షనుకు నేను క్లాస్ టీచర్ని. ఒక అమ్మాయి మూడు కిలోమీటర్లు సైకిలు మీద వచ్చేది. పొద్దున పెట్టే స్లిప్ టెస్టుల్లో 20కి 17, 18. నా లెక్కల పీరియడ్ మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండోది. అందులో ఆ పిల్ల బోర్డు వైపు చూస్తూ ఉండేది గానీ అక్కడ ఉండేది కాదు. కణతలు నొక్కుకునేది. అడిగితే "ఏం లేదు మేడం" అనేది. అర్ధసంవత్సర పరీక్ష మధ్యాహ్నం పూట పెట్టారు, 31 వచ్చాయి. నేను ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరాతో "అశ్రద్ధ" అని రాశాను. ఒక్క మాటే. రాసి మర్చిపోయాను.

నాలుగు వారాల తర్వాత మా బడి ఆయా అన్నది: "ఆ పిల్ల ఇంటి దగ్గర బయల్దేరినకాడ్నించి మళ్ళీ ఇంటికి పోయేదాకా చుక్క నీళ్ళు తాగదమ్మా. మధ్యాహ్నం అన్నం కూడా నాలుగు మెతుకులే." ఎందుకంటే బాత్రూముకు పోవాల్సొస్తుందని. మా బడిలో ఆడపిల్లలకున్నవి రెండు దొడ్లు. ఒకదానికి గడియ ఊడిపోయింది, రెండోదానికి నీళ్ళు రావు. మూడోది శుభ్రంగా, తాళం వేసి ఉండేది, స్టాఫ్‌ది. ఆ తాళంచెవి మా గదిలో మేకుకు వేలాడుతుండేది. రోజూ నేను తీసుకుని వెళ్ళేదాన్నే.

గడియ బిగించడానికి వడ్రంగి 60 రూపాయలు తీసుకున్నాడు. తాళంచెవి మేకు మీద నుంచి అమ్మాయిల లీడరు చేతికి పోయింది. దానికి స్టాఫ్ రూంలో ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు, అది వేరే కథ. ఆ పిల్లకేమీ నూటికి నూరు రాలేదు. పదిలో లెక్కల్లో 71. కానీ వెళ్ళిపోయే రోజు చెప్పింది, ఆ "అశ్రద్ధ" చూసి వాళ్ళ నాన్న బెల్టు తీశాడని.

అందుకని, అమ్మా, రేపు తలదువ్వేటప్పుడు మెల్లగా అడగండి. లెక్కల పీరియడ్ ఎన్నోది? బడిలో నీళ్ళు తాగుతున్నావా? నెలసరి రోజుల్లో బడి మానుతున్నావా? ఆ రోజుల్లో చెప్పిన పాఠం ఎవరి నోట్సు చూసి రాసుకుంటున్నావు? ఇప్పుడు చాలా బడుల్లో నీళ్ళు తాగడానికి గంట కూడా కొడుతున్నారు గానీ, గంట కొడితే సరిపోదు, తలుపుకు గడియ కూడా ఉండాలి. లేకపోతే పేరెంట్స్ కమిటీ మీటింగులో లేచి నిలబడి అడగండి. మీరు అడగకపోతే అక్కడ చర్చంతా జెండా పండుగ చాక్లెట్ల దగ్గరే తెల్లారుతుంది.

ఇక డబ్బు లెక్క. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటే 9 నుంచి ఇంటరు రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్ళకు 48,000. అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్ళకే. ప్రైవేటులో వేసిన రోజున పోతుంది. పదిలో 60 శాతం తెచ్చుకుంటేనే (ఎస్సీ, ఎస్టీలకు 55) ఇంటరులో కొనసాగుతుంది, ఏటా రెన్యువల్ మర్చిపోకూడదు. రెండోది, మన ట్రిపుల్ ఐటీలు. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయానివి, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత వచ్చిన ఒంగోలు, శ్రీకాకుళం. పది మార్కుల మీదే సీటు, ఇంటరు, ఇంజనీరింగు కలిపి ఆరేళ్ళు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం మార్కులు కలుపుతారు. ఒక్క మార్కు తేడాతో సీట్లు తారుమారయ్యే చోట 4 శాతం అంటే చిన్నది కాదు. దాన్ని వదులుకోవడానికి మీరు ఎదురు లక్ష కడతామంటున్నారు.

మీ తోటికోడలి కొడుకు 90 సంగతంటారా, ఆ పేపరు ఇచ్చినవాళ్ళూ దిద్దినవాళ్ళూ ఆ బడివాళ్ళే. వాడు తెలివైనవాడే అయ్యుంటాడు, కాదనను. పోలిక మాత్రం పబ్లిక్ పరీక్ష దాకా ఆపండి.

*

మేడం, నేను 10వ తరగతి. ప్రీఫైనల్లో లెక్కల్లో 19. నన్ను 'సి' బ్యాచ్‌లో వేశారు. పొద్దున 5 గంటలకు పాల కేంద్రం దగ్గర పాలు పోయించుకోవడం నా పని, సాయంత్రం స్టడీ అవర్లో నిద్రొస్తుంది. ఇంకా 40 రోజులుంది. పాసవుతానా?
— సి బ్యాచ్ కుర్రోడు

నాయనా, వెన్న శాతం చూసి లీటరు రేటు కట్టి చిల్లర లెక్కబెట్టేవాడివి, నీకు లెక్కలు రావని ఎవరన్నారు? కూర్చుని ఇది కూడా లెక్కబెడదాం.

నూరు మార్కుల పేపరు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. నీకు కావాల్సింది 35. ఒక మార్కు వాటిలో 8 తెచ్చుకో. రెండు మార్కులవి ఐదు చేస్తే 10. గ్రాఫు ప్రశ్నకు 8: స్కేలు రాయడం, అక్షాలు గీయడం, పట్టిక వేయడం, వీటన్నిటికీ విడివిడిగా మార్కులుంటాయి, కాబట్టి సగంలో ఆగినా ఉత్త చేతులతో రావు. అక్కడికి 26. ఇంకా 9. నాలుగు మార్కులవి మూడు ముట్టుకుని సూత్రం, మొదటి రెండు మెట్లు తప్పు లేకుండా వేస్తే దగ్గరికొస్తావు. కానీ గట్టు అంచున నడవొద్దు. అంకమధ్యమం, మధ్యగతం, సంభావ్యత, శ్రేఢులు, ఈ నాలుగూ బాగా నేర్చుకో, చేతిలో ఇంకో పది ఉంటాయి. వర్గ సమీకరణాల్లో మాటల లెక్కలు ఇప్పుడు జోలికి పోకు.

నిద్ర సంగతి: స్టడీ అవర్లో బట్టీ పట్టకు, చేత్తో చెయ్యి. రాసేవాడికి నిద్ర రాదు. మీ సారుతో పాల కేంద్రం సంగతి చెప్పావా? చెప్పి ఉండవు. చెప్పు. పరీక్షలో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే, వచ్చినవాటికి టిక్కు పెట్టుకుని వాటితోనే మొదలుపెట్టు. హిందీకి 20 వస్తే చాలు, దాని గురించి దిగులు పడకు. ఎటుపోయి ఎటొచ్చినా సప్లిమెంటరీ ఆ వేసవిలోనే పెడతారు, ఏడాది పోదు. కానీ ఆ మాట ఇప్పుడు మర్చిపో.

*

టీచర్ గారూ, మా హెడ్మాస్టర్ ఈసారి పదో తరగతికి ఫేర్‌వెల్ వద్దన్నారు. రిజల్ట్ తగ్గుతుందట. మీరేమంటారు?
— 10వ తరగతి అమ్మాయిలు, ఆరుగురం

మీ హెడ్మాస్టర్ గారి మీద నేనేమీ అనను, రిజల్ట్ తగ్గితే పైనుంచి మాటలు పడేది ఆయనే. చందాలు, డీజే, పట్టుచీరలు అని అడిగి ఉంటారు, భయపడి ఉంటారు. ఒక శనివారం చివరి రెండు పీరియడ్లు, బొరుగుల మిక్చరు, ఒక గ్రూప్ ఫోటో, అంతే అని కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. ఆయన ఒప్పుకోకపోతే ఫోటో ఒక్కటైనా అడగండి.

ఫోటోకి మీ ఆయాను, అన్నం వండే అమ్మలను కూడా పిలవండి. నా దగ్గరున్న ఒక ఫోటోలో మా ఆయా లేదు. ఆ రోజు అందరికీ కుర్చీలు మోసుకొచ్చింది ఆమే.