మూడో పేరాలోని ఆ వాక్యం

చిరంజీవి రచయిత్రికి,

ఆశీస్సులు. అమెరికాలో నేరాలు, శిక్షల గురించి డాలస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అక్కడక్కడా పత్రికల పడికట్టు మాటలు దొర్లాయి గానీ, రాయగా రాయగా అవే రాలిపోతాయి. నేను ఆగిపోయింది మూడో పేరా దగ్గర. "అమెరికా లిబరల్స్‌కు నేరస్తుల మీద ఉన్న జాలి బాధితుల మీద ఉండదు" అన్నావు. దాని పక్కన పెన్సిలుతో "ఎవరికి? ఎప్పుడు?" అని రాసి పెట్టుకున్నాను.

ఆ వాక్యం నీకంటే వయసులో పెద్దది. 1988లో మసాచుసెట్స్ గవర్నర్ డుకాకిస్ డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు, ఆ రాష్ట్రపు జైలు నుంచి తాత్కాలిక సెలవు మీద బయటికొచ్చి మరో ఘోరానికి ఒడిగట్టిన విల్లీ హోర్టన్ అనే నల్లజాతి ఖైదీ ఫోటోను టీవీ ప్రకటనలో చూపించి, ఆయన్ని నేరస్తుల పక్షపాతిగా నిలబెట్టారు. ఆ సెలవు పద్ధతి 1972లో మొదలైంది ఒక రిపబ్లికన్ గవర్నర్ హయాంలోనే. అయితే హంతకులకు ఆ వెసులుబాటు ఉండకూడదన్న బిల్లును 1976లో వీటో చేసింది మాత్రం డుకాకిస్సే కాబట్టి, నింద పూర్తిగా గాలిలోంచి పుట్టిందని కూడా అనలేం. ఆ దెబ్బ తర్వాత డెమొక్రాట్లు ఎంత మారారో చూడు: మూడోసారి తీవ్ర నేరం చేస్తే యావజ్జీవం విధించాలనీ, సుమారు 60 నేరాలకు మరణశిక్ష ఉండవచ్చనీ చెప్పిన 1994 నాటి చట్టం మీద సంతకం చేసింది క్లింటన్, సెనేట్‌లో దాన్ని ముందుండి నడిపింది బైడెన్. నీ వాక్యంలోని జాలిని ఈ చట్టంలో ఎక్కడ వెతకాలి?

విద్వేష నేరాల దగ్గరికి, అంటే జాతి, మతం లాంటివి చూసి మనిషిని ఎంచుకుని చేసే నేరాల దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం తలకిందులైపోతుంది. నేరస్తుల పట్ల మెతక అని పేరుపడ్డవాళ్లే అక్కడ అదనపు శిక్ష కావాలంటారు. కఠినులమని చెప్పుకునేవాళ్లు "హత్య ఎలా జరిగినా హత్యే, మనసులో ఏముందో చట్టానికెందుకు" అంటారు. 1998లో టెక్సస్‌లోని జాస్పర్‌లో జేమ్స్ బర్డ్ అనే నల్లజాతీయుణ్ణి ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపారు. మరుసటి ఏడాది ఆయన పేరు మీద వచ్చిన విద్వేష నేరాల బిల్లు రాష్ట్ర సెనేట్‌లో ఆగిపోయింది. 2000 ఎన్నికల చర్చలో ఆ సంగతి వచ్చినప్పుడు, అప్పటికి టెక్సస్ గవర్నర్‌గా ఉన్న రిపబ్లికన్ అభ్యర్థి బుష్ ఆ ముగ్గురికీ మరణశిక్ష పడుతుందన్నాడు. నిజానికి మరణశిక్ష పడింది ఇద్దరికి, మూడోవాడికి యావజ్జీవం. బర్డ్ కొడుకు మాత్రం తన తండ్రిని చంపినవాళ్లకు మరణశిక్ష వద్దన్నాడు. ఇతన్ని నీ వాక్యంలో ఎక్కడ కూర్చోబెడతావు? చివరికి టెక్సస్ చట్టం మీద 2001లో సంతకం చేసింది కూడా రిపబ్లికన్ గవర్నరే. ఖైదు తగ్గాలని పోరాడే లిబరల్స్‌లోనే ఈ అదనపు శిక్షలను కాదన్నవాళ్లూ ఉన్నారు.

ఇంకొకటి, అమ్మా. విద్వేష ప్రసంగం, విద్వేష నేరం అన్న మాటలను ఒకే పేజీలో ఒకదానికి బదులుగా ఒకటి వాడేశావు. ఆ దేశంలో ఉత్త మాటకు శిక్ష వేయడం చాలా కష్టం. దాడి జరిగాక, ఆ మనిషినే ఎందుకు ఎంచుకున్నారన్నదాన్ని బట్టి శిక్ష పెంచడం వేరు. విస్కాన్సిన్‌లోని కెనోషాలో కొందరు నల్లజాతి యువకులు దారినపోయే తెల్లజాతి కుర్రాణ్ణి రంగు చూసి కొట్టారు. మామూలుగా రెండేళ్లకు మించని శిక్ష, ఆ కారణం వల్ల ఏడేళ్ల దాకా వేయదగినదైంది. ఉసిగొల్పినవాడికి నాలుగేళ్లు వేశారు. 1993లో సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది, తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్. "ఈ చట్టాలు ఒక వర్గం కోసమే" అని ఆరో పేరాలో రాసేముందు ఈ కేసు చదివి ఉండాల్సింది.

తొందరపాటు నాకూ తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతలో "నా దేశం నుంచి వెళ్లిపో" అని అరుస్తూ ఒకడు మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు, రాష్ట్రపు విద్వేష నేరాల చట్టం కింద విచారిస్తారని ఒక వారపత్రికకు రాసి పంపాను. అక్కడ విద్వేష నేరమంటూ విడిగా సెక్షనే లేదని ఒక పాఠకుడు కార్డు రాశాడు. సిగ్గుపడ్డాను. రాష్ట్ర కోర్టులో నడిచింది హత్య కేసు. విద్వేష నేరం కింద విడిగా అభియోగం మోపింది కేంద్ర న్యాయశాఖ, అదీ ఒబామా 2009లో సంతకం చేసిన చట్టం ఆధారంగా. అప్పుడు ఆ శాఖకు అధిపతి ట్రంప్ నియమించిన జెఫ్ సెషన్స్. సెనేటర్‌గా ఉన్నప్పుడు అదే చట్టాన్ని వ్యతిరేకించిన మనిషి. 2018లో రెండు కోర్టుల్లోనూ యావజ్జీవం పడింది. రాష్ట్ర శిక్షలో 50 ఏళ్ల దాకా పెరోల్ లేదు.

కేంద్ర న్యాయశాఖ వేసిన ఆ అభియోగ పత్రం చిన్నదే. బాధితుణ్ణి ఏ కారణంతో ఎంచుకున్నాడని మొదటి అభియోగంలో రాశారో చూసి, మూడో పేరా, ఆరో పేరా మళ్లీ రాసి పంపు. శీర్షిక బాగుంది, దాన్ని మార్చకు.