సముద్రం పక్కన ఇల్లు వెతుక్కుంటున్న మేనకోడలికి

కావలి

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మైపాడు ఒకటి, కొత్తపట్నం ఒకటి, పాకల ఒకటి. మూడూ సాయంత్రం పూట తీసినవే. "అత్తా, ఈ మూడింట్లో ఏది మంచిది? హైదరాబాద్‌లో రూము ఖాళీ చేసేస్తున్నా" అని రాశావు. ఫోన్లో చెబితే సగం విని "సరే అత్తా" అంటావు. అందుకని కాగితం తీసుకున్నాను. ఏఎన్ఎమ్‌గా, అంటే పల్లెల్లో తిరిగే సర్కారు నర్సుగా, ముప్పై ఏళ్ళకు పైగా ఈ తీరం పాలేలన్నీ తిరిగినదాన్ని. మీ మామయ్య ఇవే ఊళ్ళలో కరెంటు స్తంభాలెక్కినాయన. మా ఇద్దరికీ తెలిసింది రాస్తున్నా, ఆ తర్వాత నీ ఇష్టం.

నువ్వు పంపినవి బీచిలు. ఉండాల్సింది ఊళ్ళో. రోజుకు గంటసేపు ఇసకలో కూర్చుంటావేమో, మిగతా ఇరవైమూడు గంటలూ ఊరే నిన్ను భరించాలి, నువ్వు ఊరిని భరించాలి.

ఈసారి మైపాడు వెళ్తే నీళ్ళకేసి కాకుండా వెనక్కి తిరిగి చూడు. ఏ పట్టపుపాలెం (చేపలు పట్టేవాళ్ళ ఊరు) అయినా సరే, పాత ఇళ్ళు ఎక్కడ కట్టుకున్నారో గమనించు. ఇసక దిబ్బ దాటి, సరుగుడు తోపు వెనక, కాస్త మెరక మీద ఉంటాయి. రోజూ తెల్లవారకముందే పడవ తోసుకుపోయేవాళ్ళు కూడా సముద్రానికి అంత ఎడంగా జరిగి కాపురం పెట్టారు. మనబోటి పట్నంవాళ్ళకే కిటికీ తీస్తే అలలు కనపడాలి.

నేనూ ఆ మోజులో పడ్డదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాలెంలో సముద్రం కనపడే గది అద్దెకు తీసుకున్నాను. పది రోజులు స్వర్గం. ఆ తర్వాత తలుపు గొళ్ళెం తుప్పు పట్టి పడలేదు. ఇనప ట్రంకు పెట్టె మూత కింద చారలు. గోడకు ఉప్పు పొంగి సున్నం పొరలు పొరలుగా రాలేది. ఆరేసిన చీరలు ఎంతసేపటికీ జిగట వదిలేవి కావు. ఏడాది తిరక్కుండానే ఊరి లోపలి వీధికి మారిపోయాను. ఇప్పుడైతే నీకు బండి ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, ఏసీ కూడా పెట్టించుకుంటావు. ఉప్పుగాలి వీటన్నిటినీ తింటుంది. అద్దె తక్కువని మురిసిపోయే ముందు రిపేర్ల ఖర్చు కూడా కలుపుకో.

కరెంటు సంగతి మీ మామయ్య చెప్పమన్నారు. గాలివానకి కరెంటు పోతుందని అందరికీ తెలుసు. వాన చుక్క లేని మాఘమాసంలో, తెల్లవారుజామున కూడా పోతుంది. స్తంభాల మీద ఇన్సులేటర్లకి ఉప్పు పేరుకుంటుంది. దాని మీద మంచు పడి తడవగానే చిటపటమని లైను ట్రిప్పయిపోతుంది. నువ్వు పొద్దున్నే మీటింగులంటావు కదా, ఇన్వర్టర్ లేని ఇల్లు చూడకు.

ఇక నీళ్ళు. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు నేనయితే గదుల కంటే ముందు పెరట్లోకి వెళ్ళి, మోటారు వేయించి, దోసెడు పట్టుకుని తాగి చూస్తాను. తీరంలో ఇసక కింద వాననీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. మంచినీళ్ళు తేలిక, అంతే. పాతకాలం వాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఇసకలో వెడల్పుగా, లోతు లేకుండా దొరువు తవ్వి పైపైన నీళ్ళు తోడుకునేవాళ్ళు. వాటితోనే కూరగాయలూ పండించారు. ఇప్పుడు లోతుకు బోరు దించి మోటారుతో గట్టిగా లాగుతున్నారు, కింది ఉప్పు పైకొస్తోంది. వానలు పడిన కొత్తల్లో తియ్యగా ఉన్న బోరు మే నెలకల్లా కషాయం అవుతుంది. అందుకని ఇంటివాళ్ళని అడగొద్దు, పక్కింటామెను అడుగు, "ఎండాకాలం పప్పు ఉడుకుతుందా?" అని. ఉడకదంటే ఇంక ఆ ఇంటి సంగతి మర్చిపో.

రొయ్యల గుంటలు ఎంత దూరంలో ఉన్నాయో కూడా చూడు. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు ఈ తీరమంతా డబ్బు ఎలా పారిందో, తెల్లమచ్చ రోగం తగిలాక ఎంతమంది మునిగిపోయారో మేం కళ్ళారా చూశాం. ఇప్పుడు వెనామీ రకం రొయ్య. గుంట పక్కన చేలో బావి ఉప్పెక్కిందన్న తగాదా నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ విన్నాను. నీ మటుకు నీకు రెండు ఇబ్బందులు: రాత్రంతా గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత, రొయ్యలు పట్టడం అయ్యాక గుంట ఆరబెట్టినప్పుడు వాసన. ఫోటోలో ఈ రెండూ పడవు.

ఏ నెలలో చూడాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నువ్వు సంక్రాంతి సెలవల్లో వచ్చావు. జనవరిలో ఈ తీరంలో ఏ ఊరయినా పెళ్ళిచూపుల పిల్లలాగే ఉంటుంది. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూన్‌లో హైదరాబాద్ తడుస్తుంటే ఇక్కడ పడమటి గాలికి ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఆ గాలి బలంగా వీచిన రోజున సముద్రపు గాలి ఏ సాయంత్రానికో గానీ రాదు. చల్లగా ఉంటుందని తీరానికొచ్చి జూన్‌లో ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

అదీగాక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పెద్ద పడవలన్నీ ఒడ్డునే. తాజా చేప దొరకడం కష్టం, ఐసు చేపే గతి. పాలెం అంతా వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటుంది. (కుటుంబ నియంత్రణ గురించి మగవాళ్ళతో మాట్లాడాలంటే మాకు అదే అదను. మిగతా రోజుల్లో ఒక్కడూ దొరికేవాడు కాదు.)

కార్తీకంలో వచ్చి చూడమంటాను నేను. 1989 నవంబరులో తుపాను ఈ కావలి దగ్గరే తీరం దాటింది. అప్పటికి మీ బావ చంకలో పిల్లాడు. రాత్రి గాలి ఒకవైపు నుంచి వీచి వీచి, కాసేపు ఆగి, మళ్ళీ రెండోవైపు నుంచి మొదలైంది. ఆగినప్పుడు అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్ళు దెబ్బతిన్నారు. మీ మామయ్య లైన్ల పనికని వెళ్ళి ఎన్నో రోజులకు గానీ ఇంటికి రాలేదు. 2004 డిసెంబరు 26 సునామీ అయితే ఆదివారం పొద్దున, గాలీ వానా ఏమీ లేకుండా వచ్చింది. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చి నెల్లూరు పక్కన హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇల్లు చూసేటప్పుడు తుపాను షెల్టరు ఎక్కడుంది, బకింగ్‌హామ్ కాలవ మీద వంతెన ఏ వైపుంది, ఆ రోడ్డు మీదికి నీళ్ళొస్తే ఇంకో దారి ఉందా అని అడుగు. కాలవకి అవతల, సముద్రం వైపున ఉన్న ఊరయితే తప్పకుండా అడుగు.

నా ఉద్యోగం నేర్పిన ఇంకో సంగతి. రాత్రి పదకొండింటికి పొత్తికడుపులో నొప్పి వస్తే ఏం చేస్తావు? 108 వస్తుంది, కాదనను. కానీ పెద్దాసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి లెక్కపెట్టు. నొప్పులు పడుతున్న మనుషుల్ని గతుకుల రోడ్డు మీద ఆటోలో తీసుకెళ్ళినదాన్ని, ఆ 25 కిలోమీటర్లు ఎంత పొడుగో నాకు తెలుసు.

ఊళ్ళ గురించి అడిగావు కాబట్టి చెబుతాను. మైపాడు ఆదివారానికి బాగుంటుంది. కాపురం మాత్రం నెల్లూరులో పెట్టుకుని అక్కడికి వెళ్ళిరా. ఆసుపత్రులు, కాలేజీలు, సినిమా హాళ్ళు, పది మందిలో ఒకరిగా ఉండిపోయే వీలు, అన్నీ నెల్లూరులో ఉన్నాయి. ఉక్కపోత కూడా ఉందనుకో. కృష్ణపట్నం వైపు పోర్టులోనో పవర్ ప్లాంటులోనో ఉద్యోగం ఉంటే తప్ప వద్దు, ఆ రోడ్డంతా లారీలే. ఒంగోలులో ఉంటే కొత్తపట్నం 20 కిలోమీటర్ల లోపే, పొద్దున్నే వెళ్ళి చేపలు కొనుక్కుని తొమ్మిదింటికల్లా నీ మీటింగుకి కూర్చోవచ్చు. పాకల నాకు ఇష్టమే, సింగరాయకొండ స్టేషను దగ్గర, తోపులు బాగుంటాయి. కానీ ఒంటరిగా ఉండే ఆడపిల్లకి రాత్రి ఎనిమిది తర్వాత అక్కడ ఏముంది? నా ఓటు కావలికి. అత్త ఉంది కాబట్టి అంటున్నాననుకుంటావు, కొంత నిజమే. కానీ మెయిన్ లైను మీద ఊరు, మద్రాసు, విజయవాడ ఎటైనా రైలు ఉంది, తుమ్మలపెంట బీచి బండి మీద అరగంట లోపే. రామాయపట్నం పోర్టు పనులు మొదలయ్యాక అద్దెలు పెరిగాయి గానీ హైదరాబాద్ అద్దెలతో పోలిస్తే నీకు నవ్వొస్తుంది.

ఇల్లు అడగటానికి వెళ్తే "మీరేమిట్లు?" అంటారు, అంటే మీ కులమేమిటని. పెళ్ళయిందా, నీసు వండుతారా, స్నేహితులు వస్తారా అనీ అడుగుతారు. నీకు ఒళ్ళు మండుతుంది, నాకూ మండేది. పోట్లాడొద్దు. నచ్చకపోతే దణ్ణం పెట్టి ఇంకో వీధికి వెళ్ళు. టీచర్లు, నర్సులు అద్దెకుండే వీధులు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, అక్కడ ఈ ప్రశ్నలు సగానికి తగ్గుతాయి.

స్థలం కొనే మాట మాత్రం మూడేళ్ళ దాకా ఎత్తొద్దు. పోర్టు వస్తోందనగానే మా ఆడపడుచు భర్త ఎవరో బ్రోకరు మాట నమ్మి తీరం పక్కన 20 సెంట్లు కొన్నాడు. తీరా చూస్తే డీకేటీ పట్టా భూమి. అంటే సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, దాన్ని అమ్మడానికీ కొనడానికీ 1977 చట్టం అప్పట్లో ఒప్పుకునేది కాదు. రిజిస్ట్రేషన్ కాలేదు, డబ్బూ రాలేదు, ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తితే భోజనం మానేస్తాడు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయించి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసుకోవాలి. దానికి తోడు సీఆర్‌జెడ్ అని తీరం పక్కన కట్టడాల మీద నియమాలు ఒకటి. పెద్ద పోటుకి నీళ్ళు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా నిబంధనలున్నాయి, 1991 నుంచీ ఉన్నాయి. "బీచ్ ఫేసింగ్" అని ఎవడైనా ప్లాటు చూపిస్తే ముందు ఆ గీత ఎక్కడుందో చూపించమను.

నీళ్ళలో దిగే విషయం మీ నాన్న వంద సార్లు చెప్పి ఉంటాడు. నేనొక్కటే అంటాను. ఒడ్డున అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట మాత్రం నునుపుగా, ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగకు. నీళ్ళు వెనక్కి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదకు, పక్కకి ఈదు. మేం పోస్టుమార్టానికి పంపినవాళ్ళలో ఈత రానివాళ్ళే కాదు, వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒడ్డున వల లాగేవాళ్ళని అడిగి దిగు. వాళ్ళు వద్దంటే వద్దే.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏమిటంటే, హైదరాబాద్ రూముకి అప్పుడే నోటీసు ఇవ్వకు. కార్తీకం రెండో వారంలో రా. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. నెల రోజులు ఇక్కడే ఉండి పని చేసుకో. వారానికో ఊరు వెళ్ళి చూద్దాం, వాన పడుతున్నా సరే, పడుతుంటే ఇంకా మంచిది. నాకు తెలిసినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, నా చేత టీకాలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు ఇళ్ళవాళ్ళయ్యారు. నిజం చెప్పే మనుషులు దొరుకుతారు.

గొడుగు తెచ్చుకోవద్దు, ఈ గాలికి ఆగదు, రెయిన్‌కోటు తెచ్చుకో. కొత్త బండి అసలే వద్దు. మామయ్య పాత సైకిలుంది, చైనుకి నూనె వేయించి ఉంచుతాను.

మీ అత్త