షెడ్డుకు అడ్వాన్స్ ఇచ్చేముందు

చిన్నా,

కార్ల విడిభాగాలు చేయడానికి హిందూపురం దగ్గర షెడ్డు చూశావనీ, రెండు సీఎన్‌సీ లేత్‌లకు (కంప్యూటర్‌తో నడిచే, ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్లకు) బ్యాంకు లోను కూడా మాట్లాడుకున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమేరా. కానీ అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు ఈ ముసలాడి మాట కాస్త విను.

పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, పక్కనే ఉంటే ఆర్డర్లు వాటంతటవే వస్తాయని నీ లెక్క. కియా నీ దగ్గర ఏమీ కొనదు. సీట్లు, బ్రేకుల లాంటివి పెద్ద సప్లయర్ల దగ్గర కొంటుంది, వాళ్లలో చాలామంది కొరియా నుంచి దాని వెంటే వచ్చినవాళ్లు, వాళ్ల కింద ఇంకొకడు, ఆ కింద బుష్‌లూ (గొట్టంలాంటి చిన్న లోహపు భాగాలు) పిన్నులూ లేత్ మీద చేసే నీలాంటివాడు. 1998లో శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్ కార్లు మొదలైనప్పుడూ వరస ఇదే. అందుకని కార్ల కంపెనీ గేటు దగ్గర నిలబడకు. ఆ సప్లయర్ల పర్చేజ్ వాళ్లను కలిసి, చెన్నై నుంచో పుణె నుంచో తెప్పించుకుంటూ ఏ పీస్‌తో తిప్పలు పడుతున్నారో అడుగు. డ్రాయింగ్ చేతికొచ్చాకే మెషిన్. అదీ ఒక్కటే.

రేటు కట్టేటప్పుడు కొత్తవాళ్లందరూ ఒకచోటే దెబ్బతింటారు. పీస్‌కు 90 సెకన్లు, గంటకు 40, షిఫ్టుకు 320 అని కాగితం మీద రాసేస్తారు. ఇన్సర్ట్ (కోసే పలుకు) అరిగితే మార్చాలి, చిప్స్, అంటే చెక్కిన లోహపు పొట్టు, చుట్టుకుంటాయి, కరెంటు పోతుంది, కుర్రాడు టీకి వెళ్తాడు. 250 వస్తే గొప్ప. రేటు ఆ 250 మీదే కట్టు. పైగా ఏటా రేటు తగ్గించమంటారు, అది ఈ లైన్‌లో మామూలే.

ఇక రిజెక్షన్ సంగతి. హైదరాబాద్ బాలానగర్‌లో మా షాపుకు మొదటి పెద్ద ఆర్డర్ 4,000 బుష్‌లు. గేజ్ పెట్టి చూస్తే సైజు బ్రహ్మాండం. వారానికే లోడు మొత్తం వెనక్కొచ్చింది, లారీ కిరాయి కూడా మా మీదే వేసి, మా బిల్లులోంచి కోస్తామని డెబిట్ నోట్ పంపారు. ఆయిల్ రంధ్రం లోపలి అంచున బర్, అంటే డ్రిల్ వేసినప్పుడు మిగిలే గరుకు అంచు, ఉండిపోయిందట. మీ అత్త, నేను, ఇద్దరు కుర్రాళ్లు మూడు రాత్రులు టేబుల్ లైటు కింద ఒక్కో బుష్‌లో వేలు పెట్టి తడిమాం. దొరికినవి 61. మొదటి పీసులన్నీ శుభ్రంగానే ఉన్నాయి, డ్రిల్ అరిగాక వచ్చినవే చెడ్డాయి. డ్రిల్ ఎప్పుడు మార్చాలో నేను ఎవరికీ చెప్పలేదు, ఇక ఆపరేటర్‌ను తిట్టి ఏం లాభం? ఆ రోజు నుంచి ఇన్ని పీసులకు టూల్ మార్చాలని మెషిన్ మీదే చాక్‌పీసుతో రాసేవాణ్ణి. అంతకుముందు మా షాపులో సరిపడకపోతే ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది బిగించేయడమే. కార్ల లైన్‌లో అది కుదరదు, వెయ్యో పీస్ కూడా మొదటి పీస్‌లాగే ఉండాలి. బీటెక్ ఉంది కదా అనుకోకుండా బాలానగర్ సీఐటీడీలో (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) చిన్న కోర్సు ఏదైనా చేసి రా. 1968 నుంచీ టూల్ పని నేర్పుతున్న చోటు అది.

డబ్బు విషయం. స్టీలుకు నువ్వు రొక్కం కట్టాలి, నీ బిల్లు ఎప్పుడొస్తుందో వాళ్ల ఇష్టం. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించు. చిన్న యూనిట్లకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు కట్టాలని 2006 చట్టం చెబుతోంది, కట్టకపోతే వాళ్లను ఆ ఖర్చును అప్పటికి ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో చూపించుకోనివ్వరు కూడా. అయినా మొదటి ఏడాదే కస్టమర్ మీద ఎవడు కేసు వేస్తాడు? మూడు నెలల జీతాలు, కరెంటు బిల్లు, ఈఎంఐ పక్కన పెట్టుకునే దిగు. చిప్స్ అమ్మేటప్పుడు కాటా దగ్గర నువ్వే నిలబడు, అదీ డబ్బే.

ఏ పీస్ ఎంచుకుంటావన్నది ఇంకోటి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నియమాలు రాగానే చాలా కొత్త బైకుల్లో ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపిచ్చే కార్బ్యురేటర్ పోయింది. ఎలక్ట్రిక్ బండ్లు పెరిగే కొద్దీ పిస్టన్, వాల్వు, సైలెన్సర్ల పని తగ్గుతుంది. బ్రేకు, సస్పెన్షన్, స్టీరింగ్, సీటు ఏ బండికైనా కావాలి. అటు చూడు.

షెడ్డు ఓనర్ను పవర్ లోడ్ ఎంతుందో అడిగావా? బిల్లు ఫొటో తీసి పంపు. డ్రాయింగ్ ఏదైనా దొరికితే ఆదివారం పట్టుకురా, కూర్చుని రేటు కడదాం.

మీ మామయ్య