స్టార్ల సంగతి సరే, అత్తగారితో మాట్లాడారా?

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు, యూకేజీ. నేను ఉద్యోగం చేస్తాను. స్కూలు నుంచి వచ్చాక వాణ్ణి మా అత్తగారే చూసుకుంటారు. పళ్లు తోముకోవడం నుంచి రాత్రి పడుకోవడం దాకా తొమ్మిది పనులతో ఇంగ్లిష్‌లో చార్ట్ ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాను. పనికో స్టార్, 200 స్టార్లు వస్తే రిమోట్ కారు. వారం బాగానే చేశాడు, ఇప్పుడు మొండికేస్తున్నాడు. అత్తగారేమో అడిగినప్పుడల్లా చాక్లెట్ ఇచ్చేస్తారు. తులసికి నీళ్లు పోశాడని ఓ రోజు ఆవిడే స్టార్ అంటించారు. లిస్టులో లేదు కదా అని పీకేశాను. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, ‘ఇవి మీకు అర్థం కావులెండి’ అన్నాను. మొన్న ఆవిడ మంచినీళ్లు అడిగితే బాబు ‘ఎన్ని స్టార్లు ఇస్తావు?’ అన్నాడట. అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారు. స్టార్లు పెంచాలా, బహుమతి మార్చాలా?
– ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: బహుమతి మార్చినా పెద్ద తేడా ఉండదమ్మా. ఐదేళ్ల పిల్లాడికి తొమ్మిది పనులు ఎక్కువ, మూడు చాలు. అక్షరాలు తీసేసి బొమ్మలు పెట్టండి: బ్రష్షు, స్కూలు బ్యాగు, ఆటవస్తువుల బుట్ట. 200 స్టార్లంటే వాడికి ఎప్పటికీ రాని పండగే. ఏ రోజు స్టార్‌కి ఆ రోజే ఏదో సరదా దక్కాలి. దానికి కారు అక్కర్లేదు, వాళ్ల నాన్న ఉప్పుమూట ఎక్కించుకుని హాల్లో రెండు చుట్లు తిప్పితే చాలు. ఒకసారి ఇచ్చిన స్టార్‌ని మాత్రం వెనక్కి తీసుకోకూడదు. పని అలవాటయ్యాక ఆ బొమ్మ తీసేయండి. మీ ప్రశ్నకి ఇంతకన్నా అవసరం లేదు.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగిపోయింది ‘ఇవి మీకు అర్థం కావులెండి’ దగ్గర. వ్యాన్ దిగిన పిల్లాడి బూట్లు విప్పేది, అన్నం పెట్టేది, మీరు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేది ఆవిడ. మీ చార్ట్‌లో సగం పనులు ఆవిడ చేతుల మీదుగా జరిగేవే. అయినా రాసేటప్పుడు ఆవిడని ఒక్క మాట అడగలేదు, ఆవిడ చదవలేని భాషలో రాశారు. పైగా ఆవిడ ముచ్చటపడి అంటించిన ఒక్క స్టార్‌ని పీకేశారు. ఈ ఇంట్లో నాయనమ్మ మాట చెల్లదని పిల్లాడికి ఇంకెలా చెప్పాలి? మంచినీళ్లకి బేరం పెట్టాడంటే వాడి తప్పు నాకేం కనిపించడం లేదు.

అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటుంది. ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. బొమ్మలు వేయడమంటే సరదా ఉన్న పిల్లల్లో కొందరికి ‘వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొన్నాళ్లకి చూస్తే వాళ్లు బొమ్మల దగ్గర గడిపే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగమే. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టిన పిల్లల్లో మాత్రం సరదా తగ్గలేదు. పళ్లు తోమడం లాంటి విసుగు పనికి స్టార్ పెట్టండి, పరవాలేదు. ప్రేమతో చేసేదానికి రేటు కట్టకండి.

మీ అత్తగారు చేసేదంతా సరైనదని నేను అనను. అన్నానికి ముందు చాక్లెట్ ఇవ్వడం తప్పే. కానీ ఆ సంగతి ఎత్తే ముందు మీరు అన్న మాటని సర్దుకోవాలి. మీవారిని మధ్యలోకి లాగకండి. అన్నది మీరు కాబట్టి మీరే వెళ్లి, ‘ఆ రోజు టెన్షన్‌లో నోరు జారాను అత్తయ్యా, తప్పు నాదే’ అనండి. అలా అంటే చులకనైపోతామని చాలామంది కోడళ్లు నాకు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఈ వయసులో మన పిల్లల్ని పెంచి పెడుతున్న మనిషికి మనం జీతం ఇవ్వడం లేదు. మర్యాదైనా ఇవ్వకపోతే ఎలా?

ఈ ఆదివారం ముగ్గురూ కింద కూర్చుని కొత్త చార్ట్ చేయండి. మీవారు చిన్నప్పుడు తిండికి మారాం చేస్తే ఎలా తినిపించేవారో ఆవిడని అడగండి. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ ఏదో ఒక ఆట ఆడించే ఉంటారు. పనిని ఆటగా మార్చడం ఆవిడకి మీకంటే ముందే తెలుసు. రోజూ స్టార్లు అంటించే పని ఆవిడకే ఇవ్వండి. చాక్లెట్ మాట ఆ తర్వాత మీరు చెబితే వింటారు. తులసికి నీళ్లు పోయడం మాత్రం చార్ట్‌లోకి తీసుకురాకండి. అది నాయనమ్మా మనవడూ చూసుకుంటారు.