పాఠకుల ప్రశ్నలు: ‘రురోని కెన్షిన్’లో యహికో

ప్రశ్న: ‘రురోని కెన్షిన్’ సంపుటాలు ఒకదాని వెంట ఒకటి చదువుతున్నాను. కెన్షిన్ అంతటి వీరుడు పక్కన ఉండగా, నోటి దురుసు తప్ప మరేమీ లేని పదేళ్ళ యహికోకు రచయిత అన్ని పుటలు ఎందుకు ఇచ్చారు? అతను లేకపోయినా కథ నడిచేది కదా? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నడిచేదేమో గాని, ఎక్కడికీ చేరేది కాదని నా అభిప్రాయం. నొబుహిరో వాత్సుకి ఈ జపనీస్ బొమ్మల కథను 1994 నుంచి 1999 దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ధారావాహికగా గీశారు. పుస్తక రూపంలో అది 28 సంపుటాలయింది. అందులోని ముఖ్యపాత్రలను వరుసగా గుర్తు చేసుకోండి. కెన్షిన్, సనొసుకె, సయితో వంటి వారందరూ మన ముందుకు వచ్చేసరికే ఆరితేరిన యోధులు. వారి బలమూ, వారి గాయమూ రెండూ గతంలోనే తయారై ఉన్నాయి. ఓనమాలు దిద్దుకోవలసిన స్థితిలో కథలోకి అడుగుపెట్టినవాడు మ్యోజిన్ యహికో ఒక్కడే.

ఇక్కడ ఒక సంగతిని చాలామంది గమనించకుండా దాటిపోతారు. కథానాయకుడైన కెన్షిన్ తన ఖడ్గవిద్యను ఆ కుర్రవాడికి నేర్పడు. అది మనుషులను చంపడానికి పుట్టిన విద్య కనుక తనతోనే అంతరించిపోవాలని అతని కోరిక. అందుకే పిల్లవాడిని తీసుకువెళ్ళి, కత్తి ప్రాణం తీయడానికి కాక ప్రాణం నిలపడానికి పనికిరావాలని నమ్మే కమియా కవోరు శిక్షణశాలలో చేరుస్తాడు. మొదటి అధ్యాయంలో ఆమె ఆదర్శాన్ని గురించి కెన్షిన్ అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది: చేతికి నెత్తురంటని వారు చెప్పే తియ్యటి మాటే అది, అయినా కత్తి గురించిన నిజం కన్నా తనకు ఆ తియ్యటి మాటే నచ్చుతుందంటాడు. ఆ మాట నిలుస్తుందో లేదో తేల్చవలసిన భారమంతా రచయిత యహికో మీద పెట్టారు.

అతను కనిపించే తొలి సన్నివేశాన్ని ఒకసారి మళ్ళీ చూడండి. బజారులో కెన్షిన్ డబ్బు సంచిని కాజేసి దొరికిపోతాడు. కెన్షిన్ కోప్పడడు, పోయింది పోయిందేనని, ఈసారి పట్టుబడకుండా చూసుకోమని చెప్పి సంచిని అతని చేతికే తిరిగి ఇచ్చేస్తాడు. తిట్టినా కొట్టినా సహించేవాడేమో గాని, ఆ జాలిని మాత్రం కుర్రవాడు భరించలేడు. తాను తోక్యో సమురాయ్ వంశానికి చెందిన మ్యోజిన్ యహికోనని, తనను తక్కువ చేసి చూడవద్దని మండిపడతాడు. వయసుకు చిన్నవాడైనా మనసుకు నిండు మనిషివేనని కెన్షిన్ ఒప్పుకుంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని యహికో నేరుగా తన చేత దొంగతనాలు చేయిస్తున్న యాకుజా ముఠా దగ్గరకు వెళ్ళి, ఇకమీదట జేబులు కొట్టనని చెప్పి, ఒళ్ళు హూనమయ్యేలా దెబ్బలు తింటాడు. అప్పటికి అతని చేతిలో వెదురు కత్తి కూడా లేదన్న సంగతి మరువకూడదు.

ప్రశ్న: సమురాయ్ కొడుకు జేబుదొంగగా మారడం కథ కోసం చేసిన కల్పనా, లేక ఆ రోజుల్లో నిజంగా అలాంటి దుస్థితి ఉండేదా? (హనుమకొండ నుంచి ఒక చరిత్ర విద్యార్థిని)

జవాబు: యహికో కల్పిత పాత్రే అయినా, అతని కింద ఉన్న నేల మాత్రం గట్టి చరిత్ర. కథాకాలం మెయిజీ చక్రవర్తి పాలనలో 11వ సంవత్సరం, అంటే 1878. దానికి పదేళ్ళ ముందు, 1868 జూలై 4న, తోక్యోలోని ఉయెనో గుట్ట మీద అంతకు ముందు దాకా జపాన్‌ను ఏలిన సైనిక పాలకుడు షోగున్‌కు విధేయులైన ‘షోగితాయ్’ దళానికీ కొత్త ప్రభుత్వ సైన్యానికీ యుద్ధం జరిగింది. ఫిరంగుల ముందు ఆ దళం ఒక్క రోజు కూడా నిలవలేకపోయింది. యహికో తండ్రి అందులోనే పోయాడని కథ చెబుతుంది. కొడుకు వయసు పదేళ్ళు, యుద్ధం జరిగి పదేళ్ళు. అంటే తండ్రిని ఎరగని పిల్లవాడన్నమాట. తల్లి ఒంటరిగా కష్టపడి పెంచి, జబ్బుచేసి కన్నుమూసింది. ఆమె మిగిల్చిన అప్పు తీర్చమనే ముఠా అతన్ని వీధుల్లోకి తోలింది.

ఓడిన పక్షం వారి సంగతి అలా ఉంచితే, గెలిచిన పక్షపు సమురాయ్‌లకు కూడా ఆ పదేళ్ళూ సుఖంగా గడవలేదు. పాత కులవిభజనను రద్దు చేసిన కొత్త ప్రభుత్వం వారికి ‘శిజోకు’ అనే హోదాను మిగిల్చింది. 1876 మార్చిలో సైనికులు, పోలీసులు వంటి వారు తప్ప మరెవరూ బహిరంగంగా కత్తి ధరించరాదన్న ఆజ్ఞ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, తరతరాలుగా వస్తున్న భత్యాలను ఆపివేసి వాటి స్థానంలో రుణపత్రాలు చేతిలో పెట్టారు. వాటిపై వచ్చే వడ్డీ చిన్న కుటుంబాలకు ఏ మూలకూ సరిపోయేది కాదు. వ్యాపారం చేసి చేతులు కాల్చుకున్నవారు కొందరు, తిరుగుబాటు చేసి నేలకొరిగినవారు మరికొందరు. 1877లో సయిగో తకమోరి నాయకత్వాన సాగిన సత్సుమా తిరుగుబాటు వాటిలో చివరిది, పెద్దది. కవోరు తండ్రి ప్రభుత్వం తరఫున వెళ్ళి మరణించింది ఆ యుద్ధంలోనే. అంటే గురువు తండ్రినీ, శిష్యుడి తండ్రినీ వేర్వేరు యుద్ధాలు, వేర్వేరు పక్షాలు మింగాయి. ఇద్దరు అనాథలు ఒక ఖాళీ శిక్షణశాలలో కలుసుకున్నారు. దీన్ని రచయిత ఎక్కడా నొక్కి చెప్పకపోవడం నాకు నచ్చింది.

హోదా ఒక్కటే మిగిలి, దానికి జీతమూ కత్తీ రెండూ పోయిన కాలంలో, పదేళ్ళ పిల్లవాడు ‘నేను తోక్యో శిజోకును’ అని అరవడం కొంత నవ్వు తెప్పిస్తుంది, కొంత గుండెను పిండుతుంది. అదే హోదాకు రెండో ముఖాన్ని త్సుబమె కథలో చూస్తాం. అకబెకో అనే గొడ్డు మాంసం హోటల్‌లో పనిచేసే ఆ బాలికను, ఆమె పెద్దలు ఒకప్పుడు సేవించిన ఇంటివాడు ఆ పాత విధేయతను అడ్డుపెట్టుకుని దొంగతనానికి సాయం చేయమంటాడు. కులం మాట చెప్పి తలెత్తుకున్న యహికోయే, కులం మాట చెప్పి ఆమె తల వంచబోయినవాడికి ఎదురు నిలుస్తాడు. నా లెక్కలో ఈ 28 సంపుటాల్లోని అతి చక్కని చిన్న కథ ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి ఈ బొమ్మల కథలు వదలకుండా చదువుతున్నాడు. అందులోని కుర్రవాడు గురువును పట్టుకుని ‘అందవికారి’ అంటాడట! ఇలాంటివి పిల్లలకు ఇవ్వవచ్చా? (నెల్లూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ కోపం సబబే. ఆ హాస్యం మొదట రెండుసార్లు బాగానే ఉంటుంది గాని, ఇరవయ్యోసారికి నాకూ విసుగు పుట్టింది. అయితే గురువూ తక్కువ తినలేదు. పసిపిల్లను పిలిచినట్లు ‘యహికో చాన్’ అని పిలిచి అతన్ని ఉడికిస్తూ ఉంటుంది. కవోరుకు పదిహేడేళ్ళే కనుక వారిది గురుశిష్యుల వరస కన్నా అక్కాతమ్ముళ్ళ తగవులాగే కనిపిస్తుంది. నోరు ఎంత జారినా అతను సాధన ఎగ్గొట్టడు. అకబెకోలో పనికి చేరినప్పుడు కూడా, కెన్షిన్ దగ్గర ఉన్నటువంటి తిరగేసిన పదునుగల కత్తిని (పదును వెనకవైపు ఉండి, దెబ్బ తగిలినా ప్రాణం తీయనిది) కొనుక్కోవడానికే డబ్బు కూడబెడుతుంటాడు. నా అసలు అభ్యంతరం నెత్తురు గురించి. క్యోతో ఘట్టం మొదలైన దగ్గర నుంచి పోరాటాలు భీకరంగా ఉంటాయి. మీ అబ్బాయికి పదమూడు, పద్నాలుగేళ్ళుంటే ఇవ్వండి. యహికో ఈడువాడైతే మరి కొన్నాళ్ళు ఆపండి.

ప్రశ్న: వెదురు కత్తితో పదేళ్ళవాడు పేరుమోసిన హంతకులను ఓడించడం అతిశయోక్తి కాదా? (భిలాయి నుంచి ఒక కెండో అభ్యాసకుడు)

జవాబు: అతిశయోక్తే. పేలుడు పదార్థాల ధాటితో గబ్బిలంలా గాలిలో తేలే హెన్యాను, అదే పేలుడు వాడుకుని పైకెగిరి యహికో పడగొట్టిన ఘట్టం చూసి నేనూ పెదవి విరిచాను. కానీ కుజిరనమి ఘట్టాన్ని ఆ తక్కెడలో తూచకండి. షోగున్ పక్షానికీ కొత్త ప్రభుత్వానికీ 1868లో జరిగిన టోబా–ఫుషిమి యుద్ధంలో కెన్షిన్ ఒక చేతిని నరికి, ప్రాణం తీయకుండా వదిలేసిన భీకరకాయుడు అతడు. ఆ దయనే అవమానంగా మోస్తూ, మతి తప్పి, ఊరి మీద పడతాడు. ఆ సమయానికి కవోరు మరణించిందని నమ్మిన కెన్షిన్ లోకాన్ని వదిలేసి కూలబడి ఉన్నాడు. రోడ్డు మీద మిగిలింది యహికో ఒక్కడే. గెలవలేనని తెలిసీ, జనం మీదకు ఆ మనిషి వెళ్ళకుండా దెబ్బలు తింటూ కాలయాపన చేస్తాడు. ఈలోగా త్సుబమె పరుగున వెళ్ళి కెన్షిన్‌ను వేడుకుంటుంది. అతన్ని మళ్ళీ లేపి నిలబెట్టింది ఆ వేడుకోలే. అంటే ఆ పూట యహికో చేసిన పని గెలవడం కాదు, నిలవడం. కెండో నేర్చుకునే మీకు ఆ రెండింటి తేడా నాకన్నా బాగా తెలిసి ఉండాలి.

ప్రశ్న: ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’లోని దైగొరో గొప్పవాడా, యహికోనా? (విజయనగరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తక్కెడలో వేయదగిన జోడీ కాదు. రచయిత కొయికె, చిత్రకారుడు కొజిమా 1970లో మొదలుపెట్టిన ఆ జపనీస్ బొమ్మల కథలో దైగొరో ఊహ కూడా సరిగా తెలియని పసివాడు. తండ్రి అతని ముందు కత్తినీ బంతినీ పెట్టగా కత్తి వైపు పాకాడు, అంతటితో అతని దారి తేలిపోయింది. యహికో మాత్రం తన దారిని తెలిసి ఎంచుకున్నాడు. బొమ్మల గీతలో అయితే కొజిమాకే నా ఓటు.

ప్రశ్న: చివర్లో ఆ కత్తి అతనికే ఎందుకు దక్కింది? (చివరి సంపుటం చదవనివారు దీన్ని దాటవేయవచ్చు. ప్రశ్న తెనాలి నుంచి)

జవాబు: కెన్షిన్ శరీరం ఆ ఖడ్గవిద్యను ఇక ఎన్నో ఏళ్ళు భరించలేదని వైద్యురాలు మెగుమి ముందే హెచ్చరించింది. కొన్నేళ్ళు గడిచి, యహికోకు పదిహేనేళ్ళు వచ్చాయి. పాత సమురాయ్ కుటుంబాల్లో మగపిల్లవాడిని పెద్దవాడిగా లెక్కించే ‘గెంపుకు’ వేడుకకు అది తగిన వయసు. కెన్షిన్ అతన్ని ఒకే ఒక్క దెబ్బ పోటీకి పిలిచి, అది ముగిశాక తిరగేసిన పదునుగల తన కత్తిని గెంపుకు కానుకగా అందిస్తాడు. అకబెకోలో గిన్నెలు మోసి, నాణెం నాణెం దాచి కొనాలనుకున్న వస్తువు అది. అయిదేళ్ళ కిందట, కాజేసిన డబ్బు సంచిని ఇదే మనిషి ఇలాగే చేతిలో పెట్టినప్పుడు ఆ కుర్రవాడు అవమానంతో అరిచాడు. ఈసారి తీసుకున్నాడు.