అమ్మ ఫోన్, కింది ఇంటి కాఫీ

ప్రశ్న: నా వయసు 29. మా వారి ఉద్యోగం వల్ల ఇటలీలోని టురిన్‌కి వచ్చి తొమ్మిది నెలలైంది. భాష రాదు. ఒక్కదాన్నే ట్రామ్ ఎక్కాలంటే టెన్షన్. స్నేహితులు లేరు. కింది ఫ్లాట్ పెద్దావిడ రెండుసార్లు కాఫీకి పిలిచింది. అది అమ్మతో మాట్లాడే టైమ్ కావడంతో రాలేనన్నాను. నాన్న పోయాక అమ్మ రాజమండ్రిలో ఒంటరిగా ఉంటోంది. రోజూ పన్నెండు నుంచి నాలుగు దాకా వీడియో కాల్‌లోనే ఉంటాం. ఇక్కడివాళ్లు చెంపకు చెంప ఆనించి పలకరిస్తారు, అదీ ఇబ్బందే. ఈ ఊళ్లో తిరగడం, నలుగురితో కలవడం ఎలా?

జవాబు: తిరగడం గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. మీ ఊళ్లో మెట్రో ఒకటే లైను. 2006 నుంచి డ్రైవర్ లేకుండానే నడుస్తోంది. అందులో తప్పిపోదామన్నా కుదరదు. ట్రామ్ ఎక్కగానే మిషన్‌కి టికెట్ తాకించండి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు. చెంపల గొడవంటారా, ముందే చెయ్యి చాపండి, వాళ్లూ చెయ్యే కలుపుతారు.

ఇక అసలు సంగతి. రోజుకి నాలుగు గంటల ఫోన్!

తల్లిని చూసుకోవడం కూతురి బాధ్యతే, కాదనను. కానీ చలికాలంలో మీకు పన్నెండంటే ఆవిడకి సాయంత్రం నాలుగున్నర. అంటే ఎనిమిదిన్నర దాకా ఆవిడ గుడికి వెళ్లరు, గోదావరి గట్టుకి వెళ్లరు, పక్కింటివాళ్లతో కూర్చోరు. కూతురు ఫోన్ చేస్తుందని ఇంట్లోనే ఉండిపోతారు. అమ్మకి తోడుగా ఉంటున్నాననుకుంటూ ఆవిడని గడప దాటనివ్వనిది మీరే. మీరు గడప దాటకపోవడానికి ఆవిడ ఒక సాకు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

కాల్ పొద్దున తొమ్మిదికి మార్చండి, అరగంట చాలు. ఆవిడ భోంచేసి కూర్చునే వేళ అది. తర్వాత భాష నేర్చుకోండి. అక్కడ బడి వయసు దాటినవాళ్ల కోసం సీపీఐఏ అనే ప్రభుత్వ బడులున్నాయి, విదేశీయులకి ఇటాలియన్ నేర్పుతారు. మన నువ్వు, మీరు లాగే వాళ్లకీ ‘తూ’, ‘లేయి’ ఉన్నాయి. పెద్దవాళ్లని, స్నేహితుల్ని పలకరించినట్టు ‘చావ్’ అనకుండా, మన నమస్కారం లాంటి ‘బోన్‌జోర్నో’ అంటే మర్యాద. అన్నట్టు, అక్కడ బార్ అంటే కాఫీ కొట్టు. ముసలమ్మలు కూడా కౌంటర్ దగ్గర నిలబడే తాగి వెళ్లిపోతారు. అమ్మకి మాత్రం ‘బార్‌కి వెళ్తున్నా’ అని చెప్పకండి!

కింది ఇంటావిడ మూడోసారి పిలుస్తుందని ఎదురుచూడకండి. రెండుసార్లు కాదనిపించుకున్న మనిషి మళ్లీ ఎందుకు పిలుస్తుంది? ఈసారి మీరే పిలవాలి. ఇటాలియన్ రానక్కర్లేదు, తలుపు కొట్టి మన అల్లం టీ గ్లాసు చేతిలో పెట్టండి.

కాల్ తగ్గించిన మొదటి రోజు అమ్మ ఏడుస్తారు, మీరూ ఏడుస్తారు. ఏడవండి. మొహం కడుక్కుని పోర్తా పలాజో సంతకి బయల్దేరండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు, ఆలస్యం చేయకండి. మీ వారు వస్తానన్నా వద్దనండి.