కొత్త కాంట్రాక్టు, 2 లక్షల కంప్యూటర్ లిస్టు

ప్రశ్న: మాది హనుమకొండ, బాలసముద్రం. సివిల్ ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో నాలుగేళ్లు బీఐఎం మోడలర్‌గా (కంప్యూటర్లో భవనాల త్రీడీ నమూనాలు తయారుచేసే పని) చేశాను. అమ్మ ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాను. వచ్చే నెల ఒకటి నుంచి ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్స్ చేసివ్వాలి. ఆరు నెలల కాంట్రాక్టు, నెలకు 60 వేలు, బిల్లు ఇచ్చిన 45 రోజులకు డబ్బు వేస్తారు. నా దగ్గర 2,40,000 ఉన్నాయి. గేమింగ్ ల్యాప్‌టాప్ 1,45,000, రెండు మానిటర్లు 24 వేలు, ప్రింటర్ 14 వేలు, కుర్చీ 12 వేలు, యూపీఎస్ 5 వేలు, అన్నీ కలిపి 2 లక్షలు అవుతోంది. డెస్క్‌టాప్ అయితే 85 వేలకు వస్తుందని ఇక్కడి షాపులో చెప్పారు. ఇంటి ఖర్చు నెలకు 25 వేలు నా మీదే. దాచుకున్న డబ్బుతో కొనాలా, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టాలా? నాన్న చిట్టి ఎత్తి ఇస్తానంటున్నారు. ఖర్చు చూపిస్తే పన్ను తగ్గుతుందని బావ అంటున్నాడు.

జవాబు: ముందు క్యాలెండర్ ముందు పెట్టుకోండి అమ్మా. ఒకటో తారీఖున పని మొదలుపెడతారు. నెలాఖరుకు బిల్లు ఇస్తారు. ఆపైన 45 రోజులు. అంటే మొదటి డబ్బు మీ ఖాతాలో పడేది మూడో నెల సగంలో. ఆ రెండున్నర నెలలకు ఇంటికి 62,500 కావాలి. 2 లక్షల సామాను కొంటే మీ చేతిలో మిగిలేది 40 వేలు. నెలన్నర దాటగానే ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తుంది.

పైగా 60 వేలూ చేతికి రావు. ఇంజినీరింగ్ వృత్తి ఫీజు మీద సాధారణంగా 10 శాతం పన్నును టీడీఎస్ పేరుతో ముందే కోస్తారు, కాబట్టి వచ్చేది 54 వేలు. ఆరు నెలలకు 3,24,000. ఆ కాంట్రాక్టు కోసం 2 లక్షల సామాను కొనడం నాకు సబబుగా అనిపించడం లేదు.

బావగారి మాట సంగతి. మీలాంటి ఇంజినీరింగ్ వృత్తివారు చాలామంది 44ఏడీఏ అని పిలుచుకునే పద్ధతిలో రిటర్ను వేస్తారు. వచ్చిన ఫీజులో సగం ఆదాయంగా చూపితే చాలు. మిగతా సగంలో కంప్యూటర్, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిసే ఉన్నట్టు లెక్క. ఏడాది మొత్తం పని దొరికినా మీ ఫీజు 7,20,000, ఆదాయం 3,60,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. మీరు 85 వేలది కొన్నా, 1,45,000ది కొన్నా కట్టాల్సింది సున్నానే. లేని పన్నును తగ్గించుకోవడానికి ఖర్చు పెట్టొద్దు. కోసిన టీడీఎస్ మాత్రం వెనక్కి వస్తుంది, కాకపోతే రిటర్ను వేశాకే. దాన్ని నెలసరి లెక్కలో కలపకండి. ల్యాప్‌టాప్ ధరలో సుమారు 22 వేలు జీఎస్టీయే ఉంది. 20 లక్షల లోపు సేవలకు మీరు రిజిస్టర్ కానక్కర్లేదు, రిజిస్టర్ కానివారికి ఆ జీఎస్టీ తిరిగి రాదు.

ఏదైనా కొనేముందు కంపెనీకి ఒక ఫోన్ చేయండి. రెవిట్ లైసెన్స్ ఎవరిది? దాని ఏడాది చందా చిన్న మొత్తం కాదు. మీ లిస్టులో అది అసలు లేనే లేదు. కంపెనీ తన లైసెన్స్‌లో మీకు ఒకటి ఇస్తుందని మెయిల్‌లో రాయించుకోండి. దొంగ కాపీతో పని చేసి పట్టుబడితే కాంట్రాక్టరుగా బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది. వాళ్ల మెషీన్ ఒకటి పంపుతారేమో కూడా అడగండి, మొహమాటం వద్దు. అలాగే మొదటి నెల పదిహేను రోజులకే ఒక బిల్లు ఇస్తానని చెప్పండి. ఒప్పుకుంటే సగం డబ్బు పక్షం రోజులు ముందు వస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, ఈ వారమే చేసుకోండి. చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. గడువు దాటిస్తే, డబ్బు ఇచ్చేదాకా ఆ ఖర్చును కంపెనీ తన పన్ను లెక్కలో చూపుకోలేదు. అకౌంట్స్ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక మెషీన్. ఇంట్లో కూర్చుని చేసే పనికి డెస్క్‌టాపే సరైనది. రెవిట్ చాలా పనులు ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద చేస్తుంది, కాబట్టి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. ర్యామ్ 32 జీబీ ఉండాలి, ఇంకో రెండు ర్యామ్ స్లాట్లు ఖాళీగా వదిలించండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రెండు మూడు వేలు తక్కువకు రావచ్చు. అయినా నేనైతే హనుమకొండలోనే కొంటాను. ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) కాలిపోయిన రోజు కాజీపేటలో రైలెక్కడం కన్నా స్కూటీ మీద చౌరస్తాకు పోవడం నయం. బిల్లు మీద ప్రతి పార్ట్ సీరియల్ నంబర్ రాయించుకోండి. అసెంబుల్డ్ మెషీన్లో ఒక్కో భాగానికి వారంటీ వేరు.

యూపీఎస్ దగ్గర మీ లెక్క సరిపోదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 600 వీఏ అని ఉంటుంది, పక్కన చిన్నగా 360 వాట్స్ అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌కు చూడాల్సింది ఆ చిన్న అంకె. 1 కేవీఏది తీసుకోండి, 8 వేలు పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయిన క్షణానికి కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. వానాకాలం గాలి దుమారానికి, లైన్‌మెన్ మరమ్మతుకు లైన్ క్లియర్ తీసుకున్నప్పుడు మనకు కరెంటు ఎట్లా పోతుందో మీకు చెప్పాలా!

బ్యాకప్ డిస్కు మీ లిస్టులో లేదు. నేను ట్యాక్స్ ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక జూలై రాత్రి నా కంప్యూటర్లోంచి టక్, టక్ మని చప్పుడు వచ్చింది. తెల్లారేసరికి హార్డ్ డిస్క్ తెరుచుకోలేదు. నలభై మంది రిటర్నుల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. వారం రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కాగితాలు మళ్లీ అడిగాను. అందుకే అడుగుతున్నాను, దీనికి 6 వేలు తీసి పెట్టండి.

కుర్చీ 12 వేలది ఉండనివ్వండి, రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే నడుము అది. ప్రింటర్ తీసేయండి, మీరు పంపేది ఫైళ్లే. మానిటర్ ప్రస్తుతానికి ఒకటి, 12 వేలు. డెస్క్‌టాప్ 85 వేలతో కలిపి మొత్తం 1,23,000. చేతిలో 1,17,000 మిగులుతుంది, అంటే నాలుగున్నర నెలల ఇంటి ఖర్చు.

ఈఎంఐ అవసరం రాదు. నో కాస్ట్ అన్నా వడ్డీ భాగం మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి, నగదు ధరలో తగ్గింపు పోతుంది. డబ్బు ఆలస్యమైన నెలలో కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 శాతం పైన వడ్డీ. చిట్టి కూడా ఎత్తించకండి. ముందే పాడితే ఎక్కువ వదులుకోవాలి, మీ అమ్మగారి వైద్యానికి అవసరం పడితే అదే మీ ఇంటికి ఆసరా. రెండో మానిటర్ మాత్రం రెండో బిల్లు డబ్బు ఖాతాలో పడిన రోజు వెళ్లి తెచ్చుకోండి.